బోరుకొచ్చిన అంబాసిడర్‌కి ప్రాణం పోసే చేతులు

ఇంజన్ బోరుకొచ్చిందనగానే కారుని తుక్కుకి వేసేద్దామనేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అది పాత అంబాసిడర్ అయితే మరీను. కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలో 2014 దాకా తయారైన బండి అది. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజన్ ఇంగ్లండు బీఎంసీ వాళ్ళ బీ-సిరీస్. ఎంజీఏ స్పోర్ట్స్ కారు మొదట్లో పరుగెత్తింది ఈ వంశపు ఇంజన్‌తోనే, ఇవే సీసీలతో. హెడ్డులోని గుండె ఆకారపు దహన గది హ్యారీ వెస్లేక్ అనే మహానుభావుడి చలవ. పద్మినీ కారు అభిమానులు ఎన్నైనా చెప్పనీ, వాళ్ళ అల్యూమినియం హెడ్డు ఒక్కసారి బాగా వేడెక్కిందంటే వంగుతుంది. మన పోత ఇనుప హెడ్డు అంత తేలిగ్గా లొంగదు.

తక్కువ డబ్బుతో ఈ ఇంజన్ కట్టాలనుకునేవాడు మొట్టమొదట ఖర్చుపెట్టాల్సింది కొలత మీద. విజయవాడ ఆటోనగర్‌లో పాతకాలపు మేస్త్రి పని చూడండి. ఇంజన్ విప్పుతూనే బేరింగు క్యాపులకి నంబర్లు కొడతాడు, ఒకదాని క్యాపు ఇంకోదానికి వెళ్తే పనంతా బూడిదే. పుష్‌రాడ్లని అట్టముక్కకి వరసగా గుచ్చి పెడతాడు. కిరసనాయిలుతో కడిగాక ప్రతి బోరునీ పైన, మధ్యన, కింద, అడ్డంగా, నిలువుగా కొలుస్తాడు. అరుగుదల హద్దులో ఉంటే బోరు కొట్టించడు. పైఅంచున మిగిలిన గట్టు తీయించి, హోనింగ్ పట్టించి కొత్త రింగులు వేస్తాడు. ఆ గట్టు తియ్యకపోతే కొత్త రింగు దానికి కొట్టుకుని విరుగుతుంది. పిస్టన్ల ఖర్చు అక్కడే మిగిలిపోయింది! హద్దు దాటితే పై సైజుకి వెళ్తాడు. నలభై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దాకా పరవాలేదు, ఆ తర్వాత స్లీవులే. అయితే ముందు పిస్టన్లు చేతికి రావాలి, వాటిని కొలిచి ఆ కొలతకి బోరు కొట్టించాలి. క్రాంకు గ్రైండింగ్‌లోనూ అంతే పట్టుదల. జర్నల్ మూలల్లో గుండ్రదనం పోయి పదునుగా తేలిందంటే క్రాంకు అక్కడే విరుగుతుందని లేత్ కుర్రాడికి పక్కన నిలబడి మరీ చెప్తాడు.

వాల్వులు కూర్చోబెట్టడం అసలు విద్య. పుల్లకి వాల్వు తగిలించి, పేస్టు రాసి, కవ్వం తిప్పినట్టు రెండు అరచేతుల మధ్య తిప్పుతూ, మధ్యమధ్య ఎత్తి పెడుతూ, చుట్టూ ఒకే వెడల్పున బూడిదరంగు గీత వచ్చేదాకా కూర్చుంటాడు. తర్వాత పోర్టులో కిరసనాయిలు పోసి చూస్తాడు. రాత్రంతా ఉంచినా చుక్క చెమ్మ రాని హెడ్డు నేను కళ్ళారా చూశాను. స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించి ‘మూడో సిలిండరు బేరింగు’ అని చెప్పి, సంపు విప్పి అదే చూపించిన పెద్దాయననీ చూశాను. ఏ కంప్యూటరు ఇస్తుంది ఆ చెవి?

ఇక ఇప్పటి తొందర పనులు. ఈ ఇంజన్‌కి వెనక మెయిన్ బేరింగు దగ్గర రబ్బరు సీలు ఉండదు. క్రాంకు మీద కోసిన మరలాంటి గాడే ఆయిల్‌ని లోపలికి తోస్తుంది. ఆ సంగతి తెలియనివాళ్ళు కాస్త కారితే చాలు, సిలికాన్ పూసేస్తారు. దాని పిసరు ఊడి ఆయిల్ జాలీకి అడ్డంపడి బేరింగులు పట్టేస్తే ఆ పాపం ఎవరిది? పేరున్న కంపెనీ పెట్టెలా అచ్చు కొట్టించి, లోపల నకిలీ రింగులు పెట్టి అమ్మేవాళ్ళు ఇంకా పాపాత్ములు. కొన్ని నెలలకే మళ్ళీ నీలం పొగ, ఆపైన నింద మేస్త్రికి! బాగుచేయగల పెట్రోలు ఇంజన్‌ని పీకేసి ఏదో డీజిలు ఇంజన్ ఇరికించడం కూడా బండికి చేసే ద్రోహమే.

మంచి మేస్త్రులు పెద్దవాళ్ళైపోతున్నారు, పక్కన నేర్చుకునే పిల్లల్లేరు. సామాను ధర నోరెత్తకుండా కట్టి, కూలి దగ్గర గీచిగీచి బేరమాడే ఆసాములారా, మీ వల్లే ఆ పిల్లలు రావడం లేదు. కూలి నిండుగా ఇవ్వండి. బండి కొన్నాళ్ళు నెమ్మదిగా నడిపాక హెడ్డు బోల్టులు, ట్యాపెట్లు సరిచూడ్డానికి మళ్ళీ ఆ చేతికే ఇవ్వండి. మీ షెడ్డులో పాత క్రాంకో హెడ్డో పడుంటే తుక్కు బండికి వెయ్యకండి. కొలిపించండి. ఇంకో సైజు మిగిలి ఉంటే ఆటోనగర్‌లో ఇచ్చెయ్యండి, అడిగేవాళ్ళున్నారు.