నాలుగు కారణాలూ తప్పిన చోట

డిగ్రీ పిల్లలకు చదువు మీద ధ్యాస ఎందుకు ఉండట్లేదని అడిగి చూడండి, స్టాఫ్ రూమ్‌లో జవాబు ర్యాంకులతో సహా సిద్ధంగా ఉంటుంది. మొదటి ర్యాంకు బద్ధకానిది. తర్వాత పునాది, ఆపైన ఇల్లు, డబ్బు. పాఠం చెప్పే తీరు పేరు జాబితాలో ఎక్కడో గానీ కనిపించదు.

1970లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో యూరి ట్రైస్‌మన్ అనే పరిశోధక విద్యార్థికి ఎదురైందీ ఇలాంటి జాబితానే. కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు అంతమంది ఎందుకు ఫెయిలవుతున్నారని అధ్యాపకులను అడిగితే, తిప్పి తిప్పి నాలుగే మాటలు వినిపించాయి: మోటివేషన్ లేదు, పునాది లేదు, ఇంట్లో ఊతం లేదు, ఆదాయం తక్కువ.

ఆ మాటలకే శాతాలు కట్టుకుని ఉంటే థీసిస్ అయిపోయేది. ఆయన మాత్రం 20 మంది నల్లజాతి, 20 మంది చైనా మూలాల విద్యార్థుల వెంట నెలల తరబడి తిరిగి, వాళ్లు చదివే తీరును దగ్గరగా చూశాడు. నాలుగు కారణాలూ నిలబడలేదు. నల్లజాతి పిల్లలు చెప్పినన్ని గంటలూ కూర్చునేవారు, లెక్కలు వేళకు ఇచ్చేవారు. వాళ్లను అక్కడిదాకా పంపడానికి తల్లిదండ్రులు పడని పాట్లు లేవు. అసలు తేడా ఇది: వాళ్లు ఒంటరిగా చదివేవారు. చైనా పిల్లలు ఎవరి పని వాళ్లు చేసుకున్నాక ఒకచోట చేరి, ఒకరి జవాబులు ఒకరు దిద్దుకునేవారు. ఎవరికీ రాని లెక్క ఉంటే అది నిజంగానే కష్టమైనదని అర్థం. ఒంటరిగా కూర్చున్నవాడికి ఆ సంగతి తెలిసే దారి లేదు.

మనవాళ్లు దీన్నే కంబైన్డ్ స్టడీ అంటారు. ఆ మాట వినగానే అమ్మానాన్నలకు అనుమానం!

పైనున్నవాళ్ల అంచనా తప్పడం కొత్తేం కాదు. 1946లో ఒక సర్వేలో అమెరికా కార్మికులు తమకు ముఖ్యమైనవాటిలో పనికి దక్కే మెప్పును మొదట, జీతాన్ని ఐదో స్థానంలో పెట్టారు. సూపర్‌వైజర్లేమో వాళ్లు జీతాన్నే ముందు పెడతారనుకున్నారు.

విద్యార్థులను అలా గమనించాక ట్రైస్‌మన్ ఒక వర్క్‌షాప్ మొదలుపెట్టాడు. వెనకబడినవాళ్ల ట్యూషన్‌లా కాకుండా ప్రతిభావంతుల శిక్షణగా పిలిచి, మామూలు క్లాసుకన్నా కష్టమైన లెక్కలిచ్చి కలిసి చేయమన్నాడు. అందులో చేరిన నల్లజాతి విద్యార్థులు, చేరని తెల్ల, ఆసియా విద్యార్థులను మార్కుల్లో దాటారు. సెమిస్టర్ చివర ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచే మన కాలేజీ శాఖలు, ఇంటర్నల్స్ ముందు రాత్రి హాస్టల్లో ఎవరు ఎవరితో కూర్చున్నారో, ఎవరు ఒంటరిగా మిగిలారో కూడా ఒకసారి చూసి రావచ్చు.