రాయదుర్గంలో పగడపు తొట్టి: సామగ్రి పట్టికపై ఒక విమర్శ

1846లో ఇంగ్లండు దేశస్థురాలు ఆనా థిన్ టార్కీ సముద్రతీరాన దొరికిన కొన్ని పగడపు జీవులను జాడీలో పెట్టుకొని లండన్ నగరానికి తీసుకొని వెళ్ళింది. అప్పటికి కరెంటు పంపులు లేవు, ఫిల్టర్లు లేవు. ఆమె ఇంటి పనిమనిషి తెరచిన కిటికీ ముందు నిలబడి ఆ సముద్రజలాన్ని ఒక పాత్రలో నుంచి మరొక పాత్రలోకి అరగంటకు పైగా తిరగబోసేది. అలా నీటికి గాలి తగిలేది. పగడాలు బ్రతికినవి. నేడు ఉప్పునీటి అక్వేరియం కొనదలచినవారికి అంగళ్ళలో చూపే యంత్రాలలో చాలా భాగం ఆ పనిమనిషి చేతుల పనినే చేస్తున్నవి.

క్రొత్తగా మొదలుపెట్టేవారి కోసం వ్రాసిన పుస్తకాలలోను, అమ్మకందారుల వద్దను దొరికే సామగ్రి పట్టిక ఇంచుమించు అంతటా ఒకటే. గాజు తొట్టి, దాని అడుగున మరొక చిన్న తొట్టి, నీటిని త్రిప్పే పంపులు, నురుగుతో మలినాన్ని లాగే స్కిమ్మరు, హీటరు, బలమైన దీపాలు, కాల్షియం పోసే మోటార్లు, చివర ఎక్కడో నీటిని శుద్ధిచేసే ఆర్.ఓ. యంత్రం. ఈ పట్టికలో తప్పు వస్తువు ఏదీ లేదు. దీనికి ఊరు తెలియదు, అదే దీని లోపం. ఇది చలిదేశంలో, కుళాయి త్రిప్పితే మెత్తని నీరు వచ్చే ఇంట్లో పుట్టిన పట్టిక. దీన్ని తెచ్చి రాయదుర్గంలోని ఒక ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో పెడితే ఏమవుతుందో చూడవలసి ఉన్నది.

రాయదుర్గానికి తూర్పు సముద్రమూ పడమటి సముద్రమూ కూడా వందల కిలోమీటర్ల దూరం. 1909లో మద్రాసు మెరీనా ఒడ్డున అక్వేరియం తెరచినప్పుడు ఈ ఊరు కూడా ఆ రాజధానిలోనిదే, బళ్ళారి జిల్లాలోనిది. 1953లో అనంతపురం జిల్లాలో చేరింది. మద్రాసు వారికి సముద్రం వాకిట్లోనే ఉండెను. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ ప్రాణమున్న రాళ్ళు, గాలిబుడగలు, సూర్యరశ్మి, ఇంతమాత్రంతోనే పగడాలను పెంచవచ్చునని ప్రకటించినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయినారు. ఆయన నివసించిన జకార్తాలో కూడా సముద్రం దగ్గర, వేడి ఏడాది పొడుగునా ఒకేరీతి. ఆ నిరాడంబరత్వాన్ని మెచ్చుకొనవచ్చును గాని దానిలో సగం పుణ్యం ఊరిది. రాయదుర్గంలో సముద్రాన్ని బోరుబావి నీటితో చేసుకొనవలెను. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే జిల్లా ఇది.

కనుక పట్టికలో మొదటి వస్తువు నీటి యంత్రమే కావలెను. అనంతపురం ప్రాంతపు భూగర్భజలం అనగానే అందరికీ ఫ్లోరైడు గుర్తుకు వస్తుంది. మనుష్యులకు అది పెద్ద బాధే. కాని సముద్రజలంలోనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు సహజంగా ఉన్నది. తొట్టికి అసలు చేటు చేసేవి నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికా, గొట్టాలలోని రాగి. వీటికి ఒక దుర్గుణం ఉన్నది. తొట్టిలోని నీరు ఆవిరైపోతుంది, ఇవి మిగిలిపోతాయి.

90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు గల తొట్టిలో రాళ్ళు, పైన విడిచిన ఖాళీ పోగా సుమారు 150 లీటర్లు పడతాయి. నీటి పైతలం 4,050 చదరపు సెంటీమీటర్లు. దినానికి అర సెంటీమీటరు ఆవిరైతే 2 లీటర్లు పోయినట్లు. విసనకర్ర పెడితే 4 లీటర్లు అనుకొందాం. లీటరుకు 1,000 మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్న బోరునీటితో ఈ లోటు పూడ్చితే, దినానికి 4 గ్రాములు, ఏడాదికి దాదాపు ఒకటిన్నర కిలో తొట్టిలో చేరుతుంది. నీరు మార్చకపోతే లీటరుకు 10 గ్రాముల చొప్పున అక్కరలేని లవణాలు పోగయినట్లు. ఏ ఫిల్టరూ దీనిని తీయలేదు.

మరి లోటు పూడ్చకుండా మూడు దినాలు సెలవుకు పోతే? 150 లీటర్లు 138 అవుతాయి. లీటరుకు 35 గ్రాములున్న ఉప్పు 38కి చేరుతుంది. చేప ఓర్చుకున్నా, పీతలూ రొయ్యలూ ఓర్చుకొనవు. అందుచేత నీటిమట్టం తగ్గగానే శుద్ధజలాన్ని తానే పోసే చిన్న పంపు ఈ సీమలో అవసరం. సాధారణ పట్టికలలో ఇది 'ఉంటే మంచిది' అనే వరుసలో ఉంటుంది. ఇక్కడ దానిని పైకి తేవలెను. మట్టం చెప్పే మీట ఇరుక్కుంటే నిల్వ నీరంతా ఒక్కసారిగా పడిపోతుంది గనుక, నిల్వ పాత్ర పది పన్నెండు లీటర్లకు మించరాదు.

ఆర్.ఓ. యంత్రం ఒక లీటరు శుద్ధజలం ఇచ్చేటప్పుడు సుమారు మూడు లీటర్లు వదలివేస్తుంది. ఆవిరి లోటుకు వారానికి 28 లీటర్లు, వారం వారం పదోవంతు నీరు మార్చడానికి 15, మొత్తం 43 లీటర్లు. దానికి వదలివేసేది 129. రెండూ కలిపి వారానికి 172 లీటర్లు. గ్రామాలలో మనిషికి దినానికి 55 లీటర్లు అందించవలెనని జల్ జీవన్ మిషన్ లక్ష్యం. అది వారానికి 385. అనగా ఈ తొట్టి ఇంచుమించు సగం మనిషి నీటిని త్రాగుతుంది. తొట్టి పెట్టదలచిన ఉపాధ్యాయుడు ఈ లెక్కను దాచకుండా తరగతిలో నల్లబల్లపై వేయవలసి ఉన్నది. వదలిన నీటిని నేల కడగడానికి, మరుగుదొడ్లకు వాడే ఏర్పాటు లేనిదే యంత్రం కొనరాదు. ఆ ఏర్పాటుకు పట్టే బొక్కెనలను ఏ పట్టికలోనూ చేర్చినట్లు కనిపించదు.

వేడి విషయంలో మాత్రం రాయదుర్గం తొట్టికి మేలే చేస్తుంది. వేసవిలో గాలి 40 డిగ్రీలుంటే తొట్టి 26 దగ్గర నిలవదని, కనుక శీతల యంత్రం తప్పదని చెప్పుతారు. ఇక్కడ గాలి ఎంత పొడిగా ఉంటుందో చూడక చెప్పే మాట అది. గాలిలో తేమ 20 శాతమే ఉన్నప్పుడు, 40 డిగ్రీల ఎండలో కూడా తడిబల్బు థర్మామీటరు సుమారు 22 చూపిస్తుంది. విశాఖపట్నంలో 34 డిగ్రీలే ఉన్నా తేమ 75 శాతమైతే తడిబల్బు 30 దగ్గర ఉంటుంది. అందుకే అక్కడ విసనకర్ర ఏమీ చేయలేదు, ఇక్కడ చేయగలదు. వేసవిలో కుండనీళ్ళు చల్లబడే కారణమే ఇదీను. 4 లీటర్లు ఆవిరి కావడానికి పట్టే వేడిని రోజంతటికీ పంచితే 112 వాట్లు. చిన్న తొట్టి పంపులూ దీపాలూ పుట్టించే వేడిని మోయడానికి ఇది సుమారుగా సరిపోతుంది. శీతల యంత్రం తినే కరెంటు, దాని వెల రెండూ మిగులుతాయి. దానికి బదులు నీరు ఖర్చవుతుంది, నిజమే. పై లెక్కలో ఆ 4 లీటర్లు చేరే ఉన్నవి.

ఇక హీటరు. పట్టిక ప్రకారం 300 వాట్లది కొంటారు. డిసెంబరు, జనవరి రాత్రులలో ఇక్కడ కూడా అది కావలసి రావచ్చును. కాని హీటరు మీట లోపల అతుక్కుపోయి ఆగకుండా పనిచేయడం అందరెరిగిన రోగమే. అప్పుడు 300 వాట్లు 150 లీటర్లను గంటకు సుమారు 1.7 డిగ్రీలు పెంచుతాయి. తెల్లవారేసరికి తొట్టి వంటపాత్ర. 100 వాట్లది గంటకు 0.6 డిగ్రీలు మాత్రమే పెంచగలదు, చూచి ఆపడానికి వ్యవధి ఉంటుంది. ఈ ఊరికి చిన్నదే సరియైనది.

పట్టికలో ఎక్కువ సొమ్ము తినేది దీపాలు, కాల్షియం మోటార్లు. ఇవి రెండూ గట్టి పగడాల కోసం. పగడపు కణాలలో నివసించే సూక్ష్మశైవలాలకు బలమైన వెలుగు కావలెను. అస్థిపంజరం కట్టుకొనడానికి లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం కావలెను. శాస్త్రమంతా సరిగానే ఉన్నది. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులోకి 2001లో గట్టి పగడాలన్నీ, నల్ల పగడాలు, విసనకర్ర పగడాలు కూడా చేరినవి. చచ్చిన పగడపు రాయి ముక్క కూడా వీటిలో భాగమే గనుక 'ప్రాణమున్న రాయి' అని అంగడిలో ఇచ్చేది ఏమిటో అడగవలసి ఉన్నది. విదేశీ గట్టి పగడానికి అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం పత్రాలు కావలెను. పెంచకూడని జీవికి ముందుగా దీపం కొనిపించే పట్టికను ఏమనవలెను? అంగడివాడి ఆశ అనవచ్చును. పాఠశాలకు తగినది సిమెంటుతోనో పింగాణీతోనో చేసిన రాళ్ళు, కొచ్చిన్ కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చూపిన మార్గంలో కేంద్రాలలో పొదిగించిన క్లౌన్ చేపలు రెండు, నత్తలు, సముద్రపు నాచు. వీటికి మధ్యరకం దీపం చాలు.

స్కిమ్మరును మాత్రం వదలరాదు. జర్మనీలో ప్రబలిన బెర్లిన్ పద్ధతి దీనిపైనే ఆధారపడినది. సన్నని బుడగల పైతలానికి మాంసకృత్తులు అంటుకొని నురుగుగా పైకి వస్తాయి. అవి కుళ్ళకముందే బయటికి పోతాయి. నీరు సమృద్ధిగా ఉన్నచోట దీనికి బదులు నీటినే ఎక్కువగా మార్చవచ్చును. ఇక్కడ ఆ వీలు లేదు. ఆ పద్ధతివారే వాడిన మరొక వస్తువు సున్నపుతేట. తాంబూలంలోకి వాడే సున్నాన్నే, ఏమీ కలపని శుద్ధమైనదైతే, నీట కలిపి తేర్చిన ద్రవం. నత్తలూ సున్నపు నాచులూ వాడుకొనే కాల్షియానికి ఖరీదైన మోటార్లు లేకుండా, రాత్రివేళ బొట్టుబొట్టుగా వేసిన కొద్ది సున్నపుతేట చాలు. దాని క్షారగుణం తీవ్రం. చెంబుతో పోస్తే చేపలు దక్కవు.

ఇసుక గురించి ఒక మాట. కణేకల్లు వైపు హగరి ఒడ్డున దిబ్బలు దిబ్బలుగా ఉన్నది గదా అని తెచ్చి వేయరాదు. అది చాలావరకు స్ఫటికశిల పొడి. తొట్టికి కావలసినది సున్నపు ఇసుక. వెనిగరు చుక్క వేస్తే ఏది పొంగుతుందో విద్యార్థులే చెప్పగలరు.

ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటరు కొన్నా, దాన్ని సరిచూచే సాధనం పాఠశాలలోనే ఉన్నది. 50 ఘనసెంటీమీటర్ల సాంద్రత సీసాలో 35 గ్రాముల నీటికీ 38 గ్రాముల నీటికీ తేడా పదోవంతు గ్రాముకు కొంచెం ఎక్కువ. ఒక సెంటీగ్రాము చూపే త్రాసు దానిని పట్టుకొంటుంది. మరొక చవక వస్తువు బ్యాటరీతో నడిచే గాలిపంపు. 30 డిగ్రీల సముద్రజలం లీటరుకు 6 మిల్లీగ్రాములకు కొంచెం మించిన ఆమ్లజనినే పట్టగలదు. కరెంటు పోయిన రాత్రి ఆనా థిన్ ఇంటి పనిమనిషి చేసిన పని ఇది చేస్తుంది. పట్టికలు దీన్ని చివరకు త్రోయడానికి కారణం, దాని వెల తక్కువ కావడమే కావచ్చును.

మిగిలినది వారం వారం తీసివేసే 15 లీటర్ల ఉప్పునీరు. దానిలో అర కిలోకు పైగా ఉప్పు ఉన్నది. ఏడాదికి 27 కిలోలు. పాఠశాల తోటలో పోస్తే మొక్కలు, దానితోపాటు నేల కూడా చెడుతవి. వెడల్పయిన సిమెంటు పళ్ళెంలో ఎండబెట్టితే ఈ పొడిగాలి దానిని త్వరగానే ఆవిరి చేస్తుంది. ముందు సున్నపురాయి పొర, తరువాత సూదుల వంటి జిప్సం స్ఫటికాలు, ఆ పైన ఉప్పు వరుసగా కనిపిస్తాయి. ఆ ఉప్పును తిరిగి తొట్టిలో కలపడం మాత్రం కుదరదు. సున్నపురాయీ జిప్సమూ మునుపటి పాళ్ళలో మళ్ళీ కరగవు.