ఎంఆర్‌ఐ గదిలో మనిషి పని

రిపోర్టు కింద రేడియాలజిస్టు సంతకం ఉంటుంది, బిల్లు మీద సెంటరు పేరు ఉంటుంది. ఆ రెంటికీ ఆధారమైన బొమ్మను తీసిన మనిషి మాత్రం ఎవరికీ గుర్తుండడు. రక్తం తీసేవారైనా, ఎక్స్‌రే తీసేవారైనా, ఎంఆర్‌ఐ చేసేవారైనా అందరినీ ‘టెక్నీషియన్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. మీట నొక్కితే చాలు, మిగతాదంతా యంత్రమే చూసుకుంటుందన్న నమ్మకం రోగులకే కాదు, చాలా యాజమాన్యాలకూ ఉంది. ఆ నమ్మకం తప్పు. ఎంఆర్‌ఐలో బొమ్మ నాణ్యతా, రోగి క్షేమమూ టెక్నాలజిస్టు నిమిష నిమిషానికీ తీసుకునే నిర్ణయాల మీద ఆధారపడతాయి. అందుకే ఆ పనికి చదువు, పరీక్ష, రిజిస్ట్రేషన్ మూడూ తప్పనిసరి కావాలి.

మీట మాటే ముందు చూద్దాం. మన ఒంట్లోని నీటిలో, కొవ్వులో హైడ్రోజన్ నిండి ఉంది. 1.5 టెస్లా అయస్కాంతం, అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30 వేల రెట్లు బలమైనది, ఆ హైడ్రోజన్ కేంద్రకాలను ప్రభావితం చేస్తుంది. దాదాపు 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగంతో వాటిని కదిలిస్తే, అవి తిరిగి సర్దుకుంటూ పంపే సన్నని సంకేతమే బొమ్మగా మారుతుంది. ఈ సంకేతాల నుంచి బొమ్మను రాబట్టే దారి చూపినందుకే పాల్ లాటర్‌బర్, పీటర్ మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది. ఎక్స్‌రే చూపేది నీడను. ఎంఆర్‌ఐ మాత్రం మనం ఏ ప్రశ్న వేస్తే దానికే జవాబిస్తుంది. ఒక్కో ప్రశ్నకు ఒక్కో సీక్వెన్సు ఉంటుంది. టీ1లో కొవ్వు తెల్లగా, టీ2లో నీరు తెల్లగా కనిపిస్తాయి. ఫ్లెయిర్ మెదడు చుట్టూ ఉన్న ద్రవాన్ని నల్లగా అణచిపెట్టి, దాని పక్కనున్న మచ్చను బయటపెడుతుంది. పక్షవాతం వచ్చిన తొలి గంటల్లోనే దెబ్బతిన్న భాగాన్ని డిఫ్యూజన్ పట్టిస్తుంది. డాక్టరు చీటీ మీద ‘ఎంఆర్‌ఐ బ్రెయిన్’ అని రెండు మాటలే ఉంటాయి. రోగి మూర్ఛతో వచ్చాడా, తలనొప్పితో వచ్చాడా, నిన్నటి నుంచి చెయ్యి పడిపోయిందా అని అడిగి తెలుసుకుని, కావలసిన సీక్వెన్సు జాబితాలో లేకపోతే రేడియాలజిస్టును అడిగి చేర్చేది టెక్నాలజిస్టే. మూర్ఛ రోగికి మెదడులోని హిప్పోక్యాంపస్ పొడవుకు అడ్డంగా ముక్కల (స్లైసుల) గీతలు గీయాలి. నడుము స్కానులో ఒక్కో డిస్కు వాలును బట్టి గీత వాలాలి. ఆ గీత తప్పితే ఉన్న జబ్బు కూడా కనబడకుండా పోవచ్చు.

ఇక్కడ ప్రతి లాభానికీ ఒక నష్టం ఉంటుంది. ముక్క మందాన్ని సగానికి తగ్గిస్తే వివరం పెరుగుతుంది కానీ, సంకేతం సగమైపోతుంది. పోయిన సంకేతాన్ని మళ్ళీ మళ్ళీ కొలిచి రాబట్టాలంటే, రెట్టింపు ఫలితానికి నాలుగింతల సమయం పడుతుంది. ఆ సమయమంతా నడుము నొప్పితో ఉన్న మనిషి కదలకుండా పడుకోగలడా? కదిలితే మొత్తం సీక్వెన్సు వృథా. కొన్నిసార్లు కాస్త తక్కువ వివరంతో త్వరగా ముగించడమే తెలివైన పని. గుటక వేసినప్పుడల్లా మెడ బొమ్మ చెదురుతుంటే ఫేజ్ దిశ మార్చాలి. మోకాట్లో లోహపు స్క్రూలుంటే బ్యాండ్‌విడ్త్ పెంచాలి. రాగిరేకు పరిచిన ఆ గది తలుపు సరిగా పడకపోతే బయటి రేడియో తరంగాలు చొరబడి బొమ్మ మీద గీతలు వస్తాయి. కారణం కనిపెట్టలేనివాడు అదే స్కాను మళ్ళీ చేస్తాడు, లేదా అదే బొమ్మను రిపోర్టుకు పంపేస్తాడు. రెండింటి మూల్యమూ రోగిదే.

నిపుణత మరింత స్పష్టంగా తెలిసేది గది గుమ్మం దగ్గర. పేస్‌మేకరు, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, చెవిలో అమర్చిన ఇంప్లాంటు, వెల్డింగ్ పనిలో కంట్లో దూరిన ఇనుప రజను, వీటి గురించి విడివిడిగా, రోగికి అర్థమయ్యే మాటల్లో అడగాలి. ‘మెటల్ ఇంప్లాంట్స్ ఉన్నాయా’ అంటే లేవనే పెద్దాయన, ‘ఎప్పుడైనా ఎముక విరిగితే రాడ్డు వేశారా’ అంటే అవునంటాడు. మొలతాడుకు వేలాడే తాయెత్తు, జాకెట్టుకు పెట్టిన పిన్నీసు, జడలోని క్లిప్పు, జేబులోని తాళంచెవులు, జరీ చీర, అన్నీ చూడాలి. బంగారాన్నీ వెండినీ అయస్కాంతం లాగదు. కానీ రేడియో తరంగాలకు లోహం వేడెక్కవచ్చు, గొలుసు కొక్కెంలో ఉక్కు స్ప్రింగు ఉండవచ్చు, బొమ్మా చెడుతుంది. మంగళసూత్రం తీయమన్నప్పుడు వచ్చే ఇబ్బందిని కసురుకోకుండా, కారణం చెప్పి దాటించడం కూడా ఈ విద్యలో భాగమే. అది తీసిన చోట పసుపుతాడు కట్టుకుంటే స్కానుకు అడ్డేమీ ఉండదు. ఆ తర్వాత చేతులు పెనవేయకుండా, తొడలు ఒకదానికొకటి ఆనకుండా మధ్య మెత్తలు పెట్టాలి. చర్మానికి చర్మం తగిలి వలయం ఏర్పడితే అక్కడ కాలే ప్రమాదముంది. రోగి బరువును ఊహించి టైపు చేయకూడదు, ఒంట్లోకి వెళ్ళే రేడియో శక్తి హద్దును యంత్రం ఆ బరువును బట్టే లెక్కిస్తుంది. చెవులకు రక్షణ పెట్టి, చేతికి పిలుపు బటను ఇచ్చి, ‘భయమేస్తే నొక్కమ్మా, వెంటనే బయటికి తీస్తా’ అన్న మాట నమ్మకం కలిగేలా చెప్పగలిగితే చాలామందికి మత్తుమందు అవసరమే రాదు.

ఈ జాగ్రత్తలు చాదస్తమనుకునేవారికి రెండు మరణాలు జవాబు చెబుతాయి. 2001లో న్యూయార్క్ రాష్ట్రంలో స్కానులో ఉన్న ఆరేళ్ళ బాలుడి మీదికి ఆక్సిజన్ సిలిండరు దూసుకెళ్ళి ప్రాణం తీసింది. 2018 జనవరిలో ముంబైలో రోగికి తోడు వచ్చిన బంధువు సిలిండరు పట్టుకుని గదిలోకి వెళ్ళి చనిపోయాడు. యంత్రం ఆపి ఉందని సిబ్బంది చెప్పినట్టు కుటుంబం ఆరోపించింది. సూపర్‌కండక్టింగ్ అయస్కాంతం ఆగేది కాదు. మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగిన తీగచుట్టలో విద్యుత్తు నిరంతరం తిరుగుతూనే ఉంటుంది. స్కాను జరగకపోయినా, ఊరంతా కరెంటు పోయినా అయస్కాంతం మేలుకునే ఉంటుంది. ఈ ఒక్క సంగతి తెలియని మనిషిని ఆ గుమ్మం దగ్గర నిలబెట్టకూడదు.

ఎక్స్‌రే, సీటీ యంత్రాల మీద అణుశక్తి నియంత్రణ మండలి నిఘా ఉంది. ఎంఆర్‌ఐలో ఆ తరహా రేడియేషన్ లేదు గనుక అది ఆ మండలి పరిధిలోకి రాదు. రేడియేషన్ లేకపోతే ప్రమాదమూ లేదన్న భ్రమ ఇక్కడే మొదలైంది. అమెరికాలో ఏఆర్‌ఆర్‌టీ అనే సంస్థ రోగి సంరక్షణ, భద్రత, బొమ్మ తయారీ, పరీక్షా విధానాలు అనే నాలుగు భాగాల్లో ఎంఆర్‌ఐ పరీక్ష పెడుతుంది. నెగ్గినవారు రెండేళ్ళకోసారి 24 క్రెడిట్ల కొత్త చదువు చూపాలి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పారామెడికల్ డిప్లొమాలు, బీఎస్సీ కోర్సులు ఉన్నాయి. 2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య వృత్తుల కమిషన్ చట్టం ఇమేజింగ్ టెక్నాలజిస్టులకు కేంద్ర, రాష్ట్ర రిజిస్టర్లను నిర్దేశించింది. దాన్ని ప్రతి సెంటరులో అమలు చేయించాలి.

అనుభవం ఉన్నవాడికి సర్టిఫికెట్ ఎందుకని కొందరంటారు. రోజూ వచ్చే నడుము, మోకాలు స్కాన్లను అనుభవం నేర్పుతుంది, నిజమే. కానీ కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి గాడోలినియం అనే కాంట్రాస్టు మందు ఇవ్వడం, హీలియం ఒక్కసారిగా ఆవిరై గదిలోకి ఎగజిమ్మడం ఏళ్ళ తరబడి ఎదురుకాకపోవచ్చు. అరుదుగా వచ్చేదానికి ముందే సిద్ధం చేసేది చదువే. కృత్రిమ మేధ వస్తే ఈ మనిషి అవసరం ఉండదని మరికొందరంటారు. ముక్కల గీతలు సాఫ్ట్‌వేరు గీస్తోంది, స్కాను సమయమూ తగ్గిస్తోంది. అంతవరకు మేలే. అయితే అది మొలతాడులోని తాయెత్తును అడిగి తీయించదు, వణికే చేతిని పట్టుకోదు. పైగా లోపమున్న సంకేతాన్ని నున్నగా చూపినప్పుడు అనుమానించడానికి ఇంకా ఎక్కువ తెలిసిన మనిషి కావాలి. అర్హులనే పెట్టుకోవాలంటే చిన్న ఊళ్ళలో సెంటర్లు మూతపడతాయన్న వాదన వీటికంటే బరువైనది. దానికి పరిష్కారం నిబంధన సడలించడం కాదు. ఇప్పటికే పనిచేస్తున్నవారికి గడువిచ్చి, శిక్షణ ఇచ్చి, పరీక్ష రాయించాలి. నెగ్గినవారికి అర్హతకు తగ్గ జీతం ఇవ్వాలి.

అంతవరకు మనం చేయగలిగింది కొంత ఉంది. స్కానుకు వెళ్ళినప్పుడు ఒంట్లో ఉన్న ప్రతి లోహం గురించి దాచకుండా చెప్పండి. పాత ఆపరేషను కాగితాలు వెంట తీసుకెళ్ళండి. స్కాను చేసేది ఎవరు, ఏం చదివారు అని మర్యాదగా అడగండి. గుమ్మం దగ్గర ఆపి పది ప్రశ్నలు అడిగే టెక్నాలజిస్టు మీద విసుక్కోకండి. ఆ పది ప్రశ్నలూ మీ ప్రాణం కోసమే.