అంచు ముందా, పేరు ముందా?

ఎముకలో గడ్డ ఉన్న ఎక్స్‌రేను ఎలా చదవాలో నేర్పిన రచనలు చాలా ఉన్నాయి. మన వైద్య విద్యార్థుల చూపును ఎక్కువగా దిద్దినవి మాత్రం రెండని నా అభిప్రాయం. మొదటిది గ్విలిమ్ లాడ్విక్, ఆయన సహచరులు 1980లో 'రేడియాలజీ' పత్రికలో అచ్చువేసిన వ్యాసం. మచ్చ ఎంత వేగంగా పెరుగుతోందో ఫిల్ము చూసి అంచనా కట్టడం దాని విషయం. రెండోది క్లైడ్ హెల్మ్స్ పుస్తకం 'ఫండమెంటల్స్ ఆఫ్ స్కెలెటల్ రేడియాలజీ'. దాని తొలి ముద్రణ 1989లో వచ్చింది. లాడ్విక్‌ది ఏడు పుటల పరిశోధన పత్రం. హెల్మ్స్‌ది పాఠం చెబుతున్నట్టు సాగే చిన్న పుస్తకం. ఇద్దరూ అమెరికన్లే, చూసే ఫిల్ములూ ఒకలాంటివే. అయినా మొదటి అడుగు ఎక్కడ వేయాలన్న దగ్గరే దారులు చీలిపోయాయి. అంచు చూడమంటాడు లాడ్విక్. పేర్ల జాబితా పట్టుకుని ఒక్కొక్కటీ కొట్టేయమంటాడు హెల్మ్స్.

ఈ రెండింటినీ తూచడానికి నేను ఖరగ్‌పూర్‌ను ఎంచుకున్నాను. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చిన తెలుగువాళ్లు తరాలుగా అక్కడే పాతుకుపోయారు. నింపురా, మథురాకాటి వీధుల్లో తెలుగు ఈనాటికీ ఇంటి భాషే. ఇలాంటి ఊళ్లో మోకాలు నొప్పితో వచ్చినవాడికి ఎక్స్‌రే తీయడం కష్టం కాదు. ఎముక కేన్సరుకు శస్త్రచికిత్స, కీమోథెరపీ, పాథాలజీ మూడూ ఒక్కచోట దొరకడమే కష్టం. దానికి సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతా వెళ్లాలి. లేదంటే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖకో, ఒక రోజుకు పైగా ప్రయాణించి వేలూరుకో పోవాలి. కనుక ఫిల్ము చదివే డాక్టరు ముందున్న అసలు ప్రశ్న జబ్బు పేరు కాదు. ఎవరు రైలెక్కాలి, ఎంత తొందరగా ఎక్కాలి, ఎవరు ఎక్కనక్కర్లేదు అన్నదే ఆ ప్రశ్న. ఈ రెండు రచనలకూ నేను పెట్టే పరీక్ష ఇదే.

లాడ్విక్: అంచు చెప్పే వేగం

లాడ్విక్ ఆలోచనకు మూలం చాలా సరళం. గడ్డ నిదానంగా పెరిగితే చుట్టూ ఉన్న ఎముకకు తనను కాపాడుకునే వ్యవధి దొరుకుతుంది. అది గడ్డ చుట్టూ గట్టి ఎముకను కడుతుంది, ఫిల్ములో అది తెల్లని గీతలా కనిపిస్తుంది. వేగంగా పెరిగితే ఆ వ్యవధి ఉండదు. గడ్డ ఎక్కడ ముగిసిందో, మంచి ఎముక ఎక్కడ మొదలైందో కన్ను పట్టుకోలేదు.

దీన్నే ఆయన మెట్లుగా విడగొట్టాడు. తెల్లని అంచు ఉన్న మచ్చ ఒకటి-ఏ. అంచు స్పష్టంగా ఉండి తెల్లని గీత లేకపోతే ఒకటి-బి. మచ్చ ఒకే ముద్దగా ఉన్నా అంచు మసకబారితే ఒకటి-సి. ముద్ద చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు పడటం మొదలైతే రెండు. అసలు ముద్దే లేకుండా, పురుగు కొట్టినట్టో జల్లెడ పడినట్టో ఎముక మొత్తం తినుకుపోతే మూడు. మెట్టు పెరిగేకొద్దీ వేగం పెరుగుతుంది, వేగం పెరిగేకొద్దీ అనుమానమూ పెరుగుతుంది.

ఈ పద్ధతి గొప్పతనం దాని నిగ్రహంలో ఉంది. జబ్బు పేరు తెలియకపోయినా ప్రమాదం ఎంతో చెప్పగలదు. చిన్న ఊరి ఆసుపత్రిలో రోజుకు పదుల ఫిల్ములు చూసే డాక్టరుకు అరుదైన గడ్డల పేర్లన్నీ గుర్తుండవు. అంచు మాత్రం ప్రతి ఫిల్ములోనూ కళ్ల ముందే ఉంటుంది. 1981లో మేడ్‌వెల్, రాగ్స్‌డేల్, స్వీట్ ఇదే దారిని మూడు వ్యాసాల్లో విస్తరించారు. అంచుతో పాటు ఎముక పైపొర ఎలా స్పందించింది, గడ్డ లోపల ఏ పదార్థం తయారవుతోంది అన్న రెండు ప్రశ్నలు చేర్చి, ప్రతిదానికీ పాథాలజీ ఆధారం చూపారు. పైపొర పక్కకు లేచి త్రికోణంలా నిలిస్తే అది కాడ్మన్ త్రికోణం. పొరమీద పొర కడితే ఉల్లిపొర. లోపల చిన్న ఉంగరాలు, విల్లుల్లాంటి తెల్లని చుక్కలుంటే మృదులాస్థి గడ్డ. మబ్బు తునకల్లాంటి తెలుపుంటే గడ్డే ఎముకను తయారు చేస్తోందని అర్థం. పదిహేనేళ్ల పిల్లవాడి మోకాలి పైన మసక అంచు, కాడ్మన్ త్రికోణం, మబ్బు తెలుపు మూడూ కలిసి కనిపిస్తే ఆస్టియోసార్కోమా అనుకుని ఆ రోజే పంపాలి. అక్కడ ఇంకే పుస్తకమూ తెరవనక్కర్లేదు.

లోపమూ ఉంది. వేగం వేరు, దుష్టత్వం వేరు. చీము పట్టిన ఎముక కూడా మూడో మెట్టులా కనిపిస్తుంది, అది కేన్సరు కాదు. నిదానంగా పెరిగే కాండ్రోసార్కోమా కొన్నిసార్లు అంచు చక్కగా ఉంచుకుని చూసేవాణ్ని నమ్మిస్తుంది. లాడ్విక్ వేగాన్ని కొలిచాడు. అది ఏ జబ్బు వేగమో చెప్పే పని తర్వాతివాళ్లకు మిగిలింది.

హెల్మ్స్: జాబితా, దాని పక్కన ధైర్యం

ఆ పనినే హెల్మ్స్ తలకెత్తుకున్నాడు. ఎముక కరిగి నల్లగా కనిపించే సాధు గడ్డలన్నిటికీ మొదటి అక్షరాలు కలిపిన 'ఫెగ్నోమాషిక్' అనే గుర్తు మాటను విద్యార్థులందరికీ అలవాటు చేసింది ఆయన పుస్తకమే. అది తన సొంతం కాదనీ, ఎప్పటినుంచో వాడుకలో ఉందనీ ఆయనే చెప్పాడు. ఆయన సొంతమైనదల్లా ఒక్కో పేరును కొట్టేయడానికి ఇచ్చిన నియమాలు. జెయింట్ సెల్ ట్యూమరు అనాలంటే ఎముక ఎదుగుదల పూర్తయి ఉండాలి, మచ్చ కీలు ఉపరితలాన్ని తాకాలి, ఒక పక్కకు ఒరగాలి, అంచు స్పష్టంగా ఉండాలి కానీ తెల్లబడకూడదు. ముప్పై లోపు వయసువాళ్లకు ఇన్ఫెక్షన్‌నూ ఇయోసినోఫిలిక్ గ్రాన్యులోమానూ, నలభై దాటినవాళ్లకు ఇన్ఫెక్షన్‌నూ వేరేచోటి నుంచి పాకిన కేన్సరునూ ఏ ఫిల్ములోనైనా లెక్కలోకి తీసుకోమంటాడు.

ఆయన గొంతులో తడబాటు ఉండదు. మంచి గడ్డకూ చెడ్డ గడ్డకూ తేడా చెప్పే గుర్తులుగా పుస్తకాలు నాలుగింటిని చెబుతాయి: ఎముక గోడ తెగడం, పైపొర స్పందన, గడ్డ పొడవు ఏ దిక్కున ఉందన్నది, గడ్డకూ మంచి ఎముకకూ మధ్య మేర ఎంత వెడల్పన్నది. హెల్మ్స్ వీటిలో చివరిదాన్నే గట్టిగా నమ్మాడు. ఆ మేర సన్నగా ఉందా, వెడల్పుగా ఉందా అన్న ప్రశ్న లాడ్విక్ అంచు ప్రశ్నే. పేర్ల దారిన బయలుదేరినవాడు కూడా చివరికి అంచు దగ్గరికే వచ్చాడు. ఈ పోలికలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన విషయం ఇదే.

హెల్మ్స్ పుస్తకంలో లాడ్విక్ దగ్గర దొరకని అధ్యాయం ఒకటుంది: ముట్టుకోకూడని మచ్చలు. ఫిల్ము చూసి పేరు చెప్పేసి, అక్కడితో ఆగిపోవలసినవి అవి. బయాప్సీ చేస్తే మేలు జరగదు సరికదా, కొన్నిచోట్ల పాథాలజిస్టును కూడా తప్పుదారి పట్టిస్తాయి. పదమూడేళ్ల పిల్లవాడు ఫుట్‌బాల్ ఆడుతూ పడ్డాడని ఫిల్ము తీస్తే, తొడ ఎముక కింది భాగంలో గోడకు ఆనుకుని, పొడుగ్గా, సన్నని తెల్లని అంచుతో ఒక మచ్చ కనిపించిందనుకోండి. నొప్పి లేదు, పైపొర కదలలేదు. అది నాన్ ఆసిఫైయింగ్ ఫైబ్రోమా. పిల్లవాడు పెద్దవాడయ్యేసరికి చాలామందిలో పూడిపోతుంది. లాడ్విక్ దాన్ని ఒకటి-ఏ అని, నిదానం అని చెబుతాడు. "ఇది ఫలానా, ముట్టుకోవద్దు, ఇంటికి తీసుకెళ్లండి" అని తల్లికి చెప్పే ధైర్యం హెల్మ్స్ ఇస్తాడు. "డాక్టరు గారూ, కేన్సరు కాదు కదా?" అని ఆ తల్లి అడిగినప్పుడు మెట్టు సంఖ్య జవాబు కాదు. అనవసరంగా వేలూరు దాకా వెళ్లే ఒక్క కుటుంబాన్ని ఆపినా ఆ అధ్యాయం రాసిన శ్రమ ఫలించినట్టే.

లోపం జాబితా స్వభావంలోనే ఉంది. పేర్లు కంఠస్థం చేసినవాడు ఫిల్ము చూడకముందే పేర్లు వెతకడం మొదలుపెడతాడు. పైగా ఆ జాబితా నల్లగా కరిగే సాధు గడ్డలది. తెల్లగా గట్టిపడే మచ్చలకూ, దుష్ట గడ్డలకూ అది చాలదు. అంచు మసకబారిన ఫిల్ము ముందు ఫెగ్నోమాషిక్ వల్లిస్తూ కూర్చోవడం ప్రమాదం.

ఒకే ఫిల్ము ముందు ఇద్దరూ

పాతికేళ్ల యువకుడి మోకాలి ఫిల్ము తీసుకుందాం. కాలి ఎముక పైకొసన, లోపలి పక్కకు ఒరిగి, కీలు దాకా నల్లని మచ్చ. అంచు ఉంది కానీ తెల్లని గీత లేదు. గోడ పలచబడింది, ఒకచోట ఉబ్బింది. లాడ్విక్ ఒకటి-బి అంటాడు, ఉబ్బిన చోట అంచు చెదిరితే ఒకటి-సి అంటాడు: మరీ తొందర కాదు, వదిలేసేదీ కాదు. హెల్మ్స్ నియమాలు నాలుగూ సరిపోయాయి కనుక జెయింట్ సెల్ ట్యూమరు అంటాడు. ఇక్కడ ఇద్దరూ కలిస్తేనే తీర్పు నిండుగా వస్తుంది. పేరు వల్ల ఎక్కడికి పంపాలో తెలుస్తుంది, అంచు వల్ల ఎన్నాళ్లలో పంపాలో తెలుస్తుంది.

పదిహేనేళ్ల అమ్మాయి తొడ ఎముక నడుమ జల్లెడ పడినట్టుంది, పైపొర ఉల్లిపొరలా లేచింది, జ్వరం ఉంది అనుకుందాం. లాడ్విక్ మూడో మెట్టు అంటాడు. ఇన్ఫెక్షన్ ఏ రూపంలోనైనా కనిపించవచ్చని హెల్మ్స్ గుర్తు చేస్తాడు. యూయింగ్ సార్కోమానో, చీము పట్టిన ఎముకో ఫిల్ము ఒక్కటీ తేల్చదు. ముక్క తీసి పాథాలజీకీ కల్చర్‌కీ రెండింటికీ పంపాలి. ఆ ముక్క ఎవరు తీయాలన్నది కూడా ముఖ్యమే. హెన్రీ మాంకిన్, సహచరులు 1982లోనూ, మళ్లీ 1996లోనూ చేసిన అధ్యయనాలు ఒకే మాట చెప్పాయి: చికిత్స చేసే కేంద్రంలో కాకుండా, రోగిని పంపే ఆసుపత్రిలో బయాప్సీ చేసినప్పుడు తప్పులూ చిక్కులూ ఎక్కువ. చిన్న ఊరి ఆసుపత్రి చేయవలసింది రెండు కోణాల్లో మంచి ఫిల్ము తీయడం, సరిగా చదవడం, కత్తి పెట్టకుండా పంపడం.

ఇద్దరూ చూడని రోగులు

మన ప్రాంతపు జబ్బుల లెక్క ఈ ఇద్దరి రచనల్లోనూ లేదు. జెయింట్ సెల్ ట్యూమరు పాశ్చాత్య దేశాల్లో ఎముకలో పుట్టే గడ్డల్లో సుమారు 5 శాతం. దక్షిణ భారతంలోనూ చైనాలోనూ అది 20 శాతం దాకా ఉంటుందని పాఠ్యగ్రంథాలే చెబుతాయి. 1974లోనే రెడ్డి, రావు, రాజకుమారి దక్షిణ భారతపు జెయింట్ సెల్ ట్యూమర్ల మీద 'జర్నల్ ఆఫ్ బోన్ అండ్ జాయింట్ సర్జరీ'లో రాశారు. కోస్తా నుంచి వచ్చిన కుటుంబాల ఊరిలో ఆ పేరు జాబితాలో ముందుకు రావాలి.

క్షయ సంగతి మరీ ముఖ్యం. హెల్మ్స్ 'ఇన్ఫెక్షన్' అని ఒక్క మాటలో దాటేసిన చోట మనకు ఒక అధ్యాయమే కావాలి. క్షయ కీలును దాటి రెండు ఎముకలనూ తింటుంది, కీలు చుట్టూ ఎముక పలచబడుతుంది, కీలు సందు నిదానంగా సన్నబడుతుంది. జెయింట్ సెల్ ట్యూమరు సాధారణంగా కీలుకు ఒక పక్కనే ఆగుతుంది. ఈ ఒక్క తేడా పట్టుకుంటే చాలామంది రోగుల దారి మారిపోతుంది.

ఫ్లోరోసిస్ కూడా అంతే. 1937లో షార్ట్, సహచరులు నాటి నెల్లూరు జిల్లాలో వర్ణించిన ఆ జబ్బుకు కారణమైన ఫ్లోరైడు ఖరగ్‌పూర్‌కు పొరుగున ఉన్న బాంకురా, పురూలియా భూగర్భ జలాల్లోనూ ఉంది. వెన్నూ కటీ తెల్లగా గట్టిపడిన పెద్దాయన ఫిల్ము చూసి ప్రోస్టేట్ కేన్సరు పాకిందనుకోవడం తేలిక. ముంజేతి ఫిల్ము ఒకటి తీసి చూడాలి. రెండు ఎముకల మధ్య పొర ముళ్లలా ఎముకగా మారి ఉంటే అనుమానం నీళ్ల వైపు తిరుగుతుంది. అంచు ఆధారంగా నడిచే లాడ్విక్ మెట్లకూ, నల్లని మచ్చల కోసం కట్టిన హెల్మ్స్ జాబితాకూ ఈ మనిషి అందడు.

ఈ లోపం గురించి లాడ్విక్‌కు ఒక ఎరుక ఉందనే చెప్పాలి. 1963లోనే ఆయన బృందం కంప్యూటరుతో ఎముక గడ్డలను గుర్తించే ప్రయత్నం చేసింది. ఏ జబ్బు ఎంత తరచుగా వస్తుందన్న లెక్క మీద నడిచే పద్ధతి అది. లెక్క మారితే జవాబు మారుతుంది. అమెరికా లెక్కతో మన రోగిని కొలవకూడదన్న పాఠం ఆ పద్ధతి లోపలే ఉంది.

తీర్పు

మొదటి చూపు లాడ్విక్‌ది కావాలి. అంచు మసకబారిందంటే పేరు కోసం ఆగకుండా పంపాలి. అంచు బాగుంటే అప్పుడు హెల్మ్స్ జాబితా, వయసు, ఎముకలో చోటు చూడాలి. పేరు ఖాయమై అది ముట్టుకోకూడని మచ్చయితే ధైర్యంగా ఇంటికి పంపాలి. రెండింటి మధ్యా క్షయ, జెయింట్ సెల్ ట్యూమరు, ఫ్లోరోసిస్‌లను ప్రతిసారీ అడిగి తీరాలి. ఒక్కటే ఎంచుకోమంటే లాడ్విక్‌నే ఎంచుకుంటాను. హెల్మ్స్‌ను మరచినవాడు ఒక కుటుంబాన్ని అనవసరంగా రైలెక్కిస్తాడు. లాడ్విక్‌ను మరచినవాడు ఎక్కవలసిన పిల్లవాణ్ని ఇంట్లో కూర్చోబెడతాడు. రెండో తప్పు దిద్దుకోలేనిది.

ఎర్నెస్ట్ కాడ్మన్ 1920 ప్రాంతంలో అమెరికాలో ఎముక సార్కోమాల రిజిస్ట్రీ మొదలుపెట్టినప్పుడు ఆయన అడిగింది ఫిల్ము, పాథాలజీ ముక్క, ఆ రోగి తర్వాత ఏమయ్యాడన్న కబురు. రైల్వే ఆసుపత్రుల్లో ఒకే కుటుంబపు చికిత్స తరాలుగా సాగుతుంది. ఐఐటీ అదే ఊళ్లో ఉంది. పేర్లు తీసేసి, ఫిల్ములనూ వాటి ఫలితాలనూ ఒకచోట కూర్చే పని ఖరగ్‌పూర్‌లో సాధ్యమే. మన ఎముకల లెక్క మనమే రాసుకోవాలి. ఆ పని మొదలుపెట్టమని అక్కడి తెలుగు వైద్యులనూ ఇంజనీర్లనూ కోరుతున్నాను.