అనూరుని రథము, చక్రాల కుర్చీ

వికలాంగులకంటూ ఒక జెండా ఉన్నదన్న సంగతి మన పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చును. యాన్ మగిల్ అనే వికలాంగ మహిళ 2019లో దానిని రూపొందించినది. నల్లని గుడ్డమీద మెరుపువలె వంకరగా సాగే ఐదు రంగుల చారలు. అయితే తెరమీద కదిలేటప్పుడు ఆ వంకరలు మిలమిలలాడి, మూర్ఛరోగులకు, తలనొప్పి గలవారికి హాని చేయునని తెలిసినది. 2021లో రంగుల గాఢత తగ్గించి, చారలను తిన్నగా మార్చినారు. తన వారి కోసం తన రూపునే మార్చుకున్న జెండా! ఈ గుణము నాకు ఎంతో నచ్చినది. కాని ఏ రంగు ఎవరిదో ఒకరు విప్పి చెప్పనిదే దలాలోని మన అవ్వలకు అర్థము కాదు.

చక్రాల కుర్చీ గుర్తు అందరూ ఎరిగినదే. 1968లో డెన్మార్క్ విద్యార్థిని సుసాన్ కోఫోడ్ గీసినది. ఆ మొదటి బొమ్మకు తల లేదు. తరువాత కార్ల్ మొంటాన్ ఒక గుండ్రని తల చేర్చినాడు. తల వచ్చినా పని మాత్రం రాలేదు. ఆ మనిషి ఊరకే కూర్చొని ఉంటాడు.

మన అనూరుడు అట్లా కాదు. తొడలు లేనివాడు గనుకనే ఆ పేరు. అయినను సూర్యుని ఏడు గుర్రాల పగ్గాలు అతని చేతిలోనే ఉన్నవి. శ్రీకాకుళము దగ్గరి అరసవల్లిలో స్వామి పాదాల చెంత రథము తోలుతున్నది అతడే. నన్నయగారి ఆదిపర్వములో అతని కథ ఉన్నది. తల్లి వినత తొందరపడి గుడ్డు పగులగొట్టగా సగము దేహముతో పుట్టినాడు. నీవు దాసివి కమ్మని ఆమెను శపించినాడు. దాస్యమంటే ఏమిటో మేస్త్రీల అప్పుకు కట్టుబడి ఓడ ఎక్కినవారి మనుమలకు వేరే చెప్పనక్కరలేదు. కాని లోపానికి తల్లిదే తప్పు అనే ఆ భాగాన్ని నేను తరగతిలో చెప్పను. వినే తల్లులలో ఎవరి మనసు కుములునో ఎవరికి తెలుసు? కథలో నేను మెచ్చేది ఒకటే. అతనికి ఎవరూ కాళ్ళు మొలిపించలేదు, కొలువు ఇచ్చినారు.

2015లో భారత ప్రధాని ‘దివ్యాంగులు’ అన్న మాటను ముందుకు తెచ్చినారు. పేరులో దివ్యము చేరినంత మాత్రాన గుమ్మము ముందరి మెట్లు తగ్గవు. ఆ ఏడే మయన్మార్‌లో వికలాంగుల హక్కుల చట్టము కూడా వచ్చినది. చట్టము మాట అటుంచి, పోటు తీసినప్పుడు రేవు వంతెన ఎంత ఏటవాలుగా దిగునో ఊతకర్ర పట్టినవారిని అడగండి.

రథసప్తమి ఆహ్వానముమీద అనూరుని బొమ్మ వేయుదమని నా సూచన. వేసే ముందు మన వీధిలో కర్రతో నడిచేవారికి చూపవలెను. వారు వద్దంటే వద్దు. బొమ్మ ఉన్నా లేకున్నా మెట్లమీద పరచే పలక మాత్రము నాలుగడుగుల వెడల్పైనా ఉండవలెను. కుర్చీ పట్టాలి గదా.