వేతనమెఱుగని అగ్నిరక్షకులు

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున పల్లెలను కార్చిచ్చు నుండి కాపాడువారిలో అధికసంఖ్యాకులు జీతమెఱుగని స్వచ్ఛంద సేవకులు. 1939 జనవరిలో 71 మందిని పొట్టనబెట్టుకొన్న దావానలమును, 1944 నాటి అగ్నిప్రమాదములును నేర్పిన గుణపాఠముల ఫలితముగా 1945లో వీరు సేవచేయు కంట్రీ ఫైర్ అథారిటీ అను సంస్థ వెలసినది. పిలుపు అందినంతనే గోధుమచేనిలోని రైతును, బడిలోని పంతులును చేతనున్న పని విడిచి, పసుపుపచ్చని రక్షణవస్త్రములు తొడిగి, నీటిబండి నెక్కుదురు. ఎండుటాకులను, గడ్డిని గీకివైచి, వట్టి మట్టి మాత్రమే మిగులునట్లు బాట తీసి, మంటకు మేత లేకుండజేయుట వారి విద్యలో ముఖ్యాంశము. జ్వాల అణగినను వారు వెంటనే ఇంటిదారి పట్టరు. అరచేతి వెనుకభాగమును కాలిన మొద్దుల చెంతకు చేర్చి, లోన దాగిన వేడిమిని పసిగట్టి, త్రవ్వి, నీరు చల్లి, నిప్పు పూర్తిగా చల్లారినదని నిశ్చయించుకొన్న పిమ్మటనే మరలుదురు. మంటల నెదిరించు సాహసమును లోకమెల్ల మెచ్చును. నా మెప్పు మాత్రము బూడిదలో మోకాళ్లూని నిప్పు వెదకు ఈ ఓపికకే.