జోడు గీత

తెలుగువాళ్ళ కుటుంబ కథను ఇంత తక్కువ సిరాతో ఇంత నిండుగా చెప్పే బొమ్మ నాకు మరొకటి తెలియదు. జన్యు వైద్యులు గీసే వంశపటం గురించి చెబుతున్నాను. మగవాళ్ళకు చతురస్రం, ఆడవాళ్ళకు సున్నా. రెంటినీ కలుపుతూ అడ్డగీత వేస్తే పెళ్ళి, అందులోంచి నిలువుగీత దిగితే సంతానం. జబ్బు ఉన్న మనిషి గుర్తును నల్లగా నింపుతారు. జబ్బు లేకుండా దాని జన్యువును మోస్తున్న మనిషి గుర్తును సగమే నింపుతారు. చనిపోయినవారి మీద ఏటవాలు గీత. ఎవరి జబ్బుతో కథ మొదలైందో వారి పక్కన చిన్న బాణం. దగ్గరి చుట్టరికంలో పెళ్ళయితే ఒక్క అడ్డగీతకు బదులు రెండు, పక్కపక్కనే. నా మనసంతా ఆ జోడు గీత మీదే.

బోధన్ చెరకు పొలాల మధ్య ఒక ఇల్లు అనుకుందాం. ఫలానా వాళ్ళదని కాదు, నిజాంసాగర్ కాలువ కింద ఏ ఊళ్ళోనైనా ఉండగల ఇల్లు. తండ్రి దుబాయిలో ఉన్నాడు. తల్లి ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంది. పిల్లాడికి ఏడెనిమిది నెలలు నిండేసరికి ఒళ్ళు తెల్లగా పాలిపోయింది, పాలు తాగడం తగ్గింది, పొట్ట ఉబ్బింది. నిజామాబాద్‌లో రక్తపరీక్ష చేసి తలసేమియా అన్నారు. ఇక మూడు నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఎక్కించిన రక్తంతో ఒంట్లో పేరుకునే ఇనుమును తీసేయడానికి మళ్ళీ మందులు వాడాలి. హైదరాబాద్‌లో జన్యు వైద్యురాలి ముందు తల్లి, అమ్మమ్మ కూర్చున్నారు. అమ్మమ్మ నోట వచ్చే మొదటి మాట ఇలాంటి గదుల్లో ఎప్పుడూ వినపడేదే: “మా ఇంట్ల లేదు, వాళ్ళ ఇంట్ల లేదు, గిది ఏడికెళ్ళి వచ్చింది మేడం?”

పటం మొత్తం ఆ ప్రశ్నకు జవాబు.

వంశం చెప్పడం మనకు కొత్త కాదు. చేర్యాల నకాశీ పటాలు విప్పుకుంటూ కులపురాణం చెప్పే కళాకారులు మూలపురుషుడి దగ్గర మొదలుపెట్టి కిందికి దిగుతారు. వైద్యురాలి పెన్సిల్ మాత్రం కింద, బాణం గుర్తున్న బిడ్డ దగ్గర మొదలై పైకి ఎక్కుతుంది. నల్లగా నింపిన ఒక చిన్న చతురస్రం. దాని పైన అమ్మ సున్నా, నాన్న చతురస్రం. “మీకూ మీ ఆయనకూ ముందే చుట్టరికం ఉందా అమ్మా?” అని అడిగితే అమ్మమ్మే అందుకుంటుంది: “మా ఆడబిడ్డ కొడుక్కే ఇచ్చినం మేడం, బయటోళ్ళు గాదు.” ఆ మాటలో గర్వం ఉంది, భరోసా ఉంది, ఆస్తీ ఆప్యాయతా ఇల్లు దాటిపోలేదన్న తృప్తి ఉంది. పెన్సిల్ అడ్డగీత పక్కనే రెండో గీత గీస్తుంది. మన సమాజం వందల ఏళ్ళుగా ఆదరించిన మేనరికం, అందులోని ప్రేమ, అందులోని ప్రమాదం, అన్నీ అర అంగుళం పొడవున్న ఆ రెండు గీతల మధ్య ఇమిడిపోయాయి. ఇంతకంటే క్లుప్తమైన తెలుగు కథ ఎవరు రాయగలరు?

పెన్సిల్ ఇంకా పైకి పోతుంది. పిల్లాడి తాతా, ఆ తాత చెల్లెలైన నాయనమ్మా ఒకే తల్లిదండ్రుల బిడ్డలు. పటం కొసన ఒక ముత్తాత, ఒక ముత్తవ్వ. వాళ్ళిద్దరిలో ఒకరి గుర్తు సగం నిండి ఉండాలి. ఆ సగం నలుపు కొడుకు దారిన ఒకటి, కూతురి దారిన ఒకటి, రెండు పాయలుగా దిగింది. ఒక పాయ అమ్మమ్మ భర్త మీదుగా ఈ తల్లికి వచ్చింది. ఇంకో పాయ ఆడబిడ్డ మీదుగా దుబాయిలో ఉన్న తండ్రికి చేరింది. విడిపోయిన రెండు పాయలూ జోడు గీత దగ్గర కలిశాయి. కలిసినచోట బిడ్డ పూర్తిగా నల్లబడ్డాడు. చుట్టూ ఎన్నో తెల్లటి గుర్తులున్నాయి. పినతల్లులు, పెదనాన్నలు, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు. కన్ను వాళ్ళందరినీ దాటుకుని ఆ రెండు పాయల ఉచ్చు వెంటే తిరుగుతుంది. కావ్యంలో మొదటి సర్గలో విత్తిన మాట చివరి సర్గలో మొలకెత్తినట్టు, నాలుగు తరాల కింద ఎవరికీ తెలియకుండా మొదలైనది ఇక్కడ తేలింది. నిర్వహణ అంటే ఇదే.

దీని వెనక లెక్క చాలా సులువు. మనిషి కణంలో 46 క్రోమోజోములు, అంటే 23 జతలు. జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు సగం కూర్పునిచ్చే బీటా గ్లోబిన్ జన్యువు పదకొండో జతలో ఉంటుంది. రెండు ప్రతుల్లో ఒకటి చెడి ఒకటి బాగుంటే మనిషి మామూలుగా బతికేస్తాడు, కాస్త రక్తహీనత తప్ప. రెండూ చెడితేనే ఈ జబ్బు. సగం నిండిన ఇద్దరు దంపతులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, వాళ్ళలాగే మోసే అవకాశం నాలుగింట రెండు, ఏదీ లేకుండా పుట్టే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు, వచ్చి తీరుతుందనీ చెప్పలేరు. ప్రతి కాన్పుకూ లెక్క మొదటికొస్తుంది. మన దేశంలో తలసేమియా జన్యువును మోసేవారు నూటికి ముగ్గురు నలుగురు ఉంటారని అంచనా. మోస్తున్న మగవాడు బయటి సంబంధం చేసుకుంటే భార్య కూడా మోసే అవకాశం అంతే. మేనమరదలిని చేసుకుంటే అది ఎనిమిదింట ఒకటికి పెరుగుతుంది. జోడు గీత బరువు అదీ.

ఈ పటం అందాన్ని బోధన్ చెరకు పక్కన పెట్టి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ రైతు విత్తనం చల్లడు, కళ్ళున్న ముచ్చె నాటుతాడు. కంటిలోంచి లేచేది తల్లి చెరకే, మరో చెరకు కాదు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పుట్టినప్పటి నుంచీ దాని గానుగలకు వచ్చిన గడలన్నీ అలా తమను తాము తిరగరాసుకున్నవే. కొత్త రకం కావాలంటే పూతను పూతతో కలపాలి. కోయంబత్తూరులో శాస్త్రవేత్తలు బార్బర్, వెంకటరామన్ కలిసి తియ్యటి చెరకుకు గట్టు మీది రెల్లుతో సంకరం చేసి కో-205ను సాధించారు. మనిషికి ముచ్చె దారి లేదు. మనలో ప్రతివాడూ సంకరమే. తల్లి జతల్లోంచి సగం, తండ్రి జతల్లోంచి సగం కలిసి ఇంతకుముందెన్నడూ లేని మనిషి తయారవుతాడు. చెరకు వంశపటం గీస్తే ఒకే గుర్తు కిందికి దిగిపోతుంటుంది, చూడడానికి ఏమీ ఉండదు. మన పటంలో ప్రతి అడ్డగీత దగ్గరా కొత్త కథ మొదలవుతుంది. తలసేమియా బిడ్డ పుట్టిన చోటా, ఆ బిడ్డ కంటి మెరుపు పుట్టిన చోటా అదే గీత.

జోడు గీతకు వైద్యశాస్త్రంలో గొప్ప చరిత్ర ఉంది. 1902లో లండన్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్ మూత్రం నల్లబడే ఆల్కప్టోనూరియా అనే జబ్బు గురించి రాస్తూ, ఆ పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది దగ్గరి చుట్టాలని గమనించాడు. మెండెల్ బఠాణీల లెక్క మనుషులకూ పడుతుందని మొదటిసారి తెలిసింది ఆ చుట్టరికాల వల్లే. 1957లో జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ భారతదేశానికి వచ్చాక, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణ ఆయన శిష్యుడై ఆంధ్రదేశంలో మేనరికాల లెక్క తీశాడు. చెవుల అంచున వెంట్రుకలు మొలిచే లక్షణం తండ్రి నుంచి కొడుక్కు మాత్రమే దిగుతుందని చూపే వంశపటాలు కూడా ఆయన ప్రకటించాడు. నల్లటి చతురస్రాలు ఒకదాని కింద ఒకటి, మెట్లలా దిగుతాయి. ఎంతో ముచ్చటైన పటం. 2004లో, తండ్రి నుంచి కొడుక్కే దిగే వై క్రోమోజోములను నేరుగా పరీక్షించినవారు ఆ వాదం నిలబడదని తేల్చారు. పటం అందంగా కుదిరినంత మాత్రాన నిజమైపోదు. అయినా, మన ఊళ్ళ ముసలివాళ్ళ చెవులను ప్రపంచ విజ్ఞాన పత్రికల్లోకి తీసుకెళ్ళిన ఆ పరిశీలన మీద నాకు గౌరవం తగ్గలేదు.

ఇక చుక్క. ఈ లిపిలో ధ్వని అంటూ ఉంటే అది చుక్కలో ఉంది. హీమోఫీలియా జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడవాళ్ళకు ఎక్స్‌లు రెండు, మగవాళ్ళకు ఒకటే. ఆ ఒక్కటీ చెడితే గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టదు. జన్యువును మోసే తల్లికి సాధారణంగా ఏ బాధా ఉండదు. ఆమె సున్నాను నింపరు, నడుమ చిన్న చుక్క పెడతారు. పైకి తెల్లటి సున్నాయే. లోపల ఒక మాట దాగి ఉంది. ఆమె కొడుకుల్లో సగం మందికి జబ్బు రావచ్చు, కూతుళ్ళలో సగం మందికి చుక్క రావచ్చు. “తల్లి నుంచే వచ్చింది” అని ఇంట్లో నలుగురూ వేలు చూపిస్తారు. పటం ఆ వేలును ఆపుతుంది. ఆ చుక్క ఆమెకు వాళ్ళ అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చింది. లేదా ఎవరి నుంచీ రాక ఆమెలోనే కొత్తగా మొలిచింది. దాదాపు మూడో వంతు కుటుంబాల్లో హీమోఫీలియాకు వెనక చరిత్రే కనిపించదు. పటంలో దోషి గుర్తు అంటూ లేదు. చతురస్రానికీ సున్నాకూ ఒకే కొలత, ఒకే మందం. ఆడమనిషిని ఇంత సమంగా కూర్చోబెట్టిన చోటు మన ఇళ్ళలో ఎన్ని ఉన్నాయి?

మేనరికం లేకపోయినా కులం గడప దాటని పెళ్ళిళ్ళు చేసే పని ఇంకొకటి ఉంది. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగిన సమూహంలో ఒకరి సగం నలుపు వేలమందికి చేరుతుంది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్త తంగరాజ్, హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ రైక్ బృందాలు 2017లో ప్రకటించిన పరిశోధన ఈ సంగతినే చెప్పింది. అందులో చూపిన ఉదాహరణ మన వైశ్యులదే. వాళ్ళలో కొందరికి బ్యుటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము తక్కువ. బతుకంతా ఏమీ తెలియదు. ఆపరేషన్ బల్ల మీద కండరాలను సడలించడానికి సక్సామెథోనియం ఇస్తేనే బయటపడుతుంది. నిమిషాల్లో వదలాల్సిన మందు గంటలు వదలదు, అంతసేపూ యంత్రంతో ఊపిరి అందించాలి. ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, అంతటితో గండం గడుస్తుంది. నిజామాబాద్ గంజ్‌లో పసుపు కొమ్ముల రాశుల మధ్య కూర్చున్న షావుకారుకు ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం ఏటవాలు గీత. “మీకు ఎంతమంది పిల్లలమ్మా?” అంటే అమ్మమ్మ ముగ్గురంటుంది. “పోయినవాళ్ళు ఉన్నారా?” అని మెల్లగా అడిగితే కాసేపు నేల చూస్తుంది. “ఒగ పొల్ల పురిట్లనే పోయింది. పేరు గూడ పెట్టలే.” పెన్సిల్ ఒక చిన్న సున్నా చుట్టి, మీద ఏటవాలుగా గీస్తుంది. రేషన్ కార్డుకెక్కని, ఫొటో లేని, ఎవరూ తలవని ఆ పిల్లకు తోబుట్టువుల వరుసలో, తన వంతు స్థానంలో చోటు దొరికింది. నిలవని గర్భానికి చిన్న త్రిభుజం. ఇంకా కడుపులో ఉన్న బిడ్డకు ఆడో మగో చెప్పని వజ్రాకారం. ఆ చెప్పకపోవడం మన దేశంలో చట్టం కూడా. కరుణ ఎక్కడ పుడుతుందని ఆలంకారికులు ఎంతో చర్చించారు. పేరు లేని సున్నా మీది గీత దగ్గర కూడా పుడుతుందని నేనంటాను.

ఇవే గుర్తులతో అమెరికాలో 1910 నుంచి యూజెనిక్స్ కార్యాలయం పేదలను, బలహీనులను చెడ్డ వంశాలుగా చూపించింది. ఆ పటాల్లోనూ చతురస్రాలూ సున్నాలూ ఉన్నాయి, మనిషి లేడు. అమ్మమ్మ నోటి మాట లేకుండా గీసిన పటం నాకు పటమే కాదు. ఈనాటి డీఎన్ఏ రిపోర్టు అక్షరం పొల్లుపోకుండా నిజం చెబుతుంది, అదీ కావలసిందే. కానీ రసం మాత్రం పెన్సిల్ గీసిన కాగితంలోనే ఉంది.

మేనరికం చేసుకున్నవాళ్ళు భయపడాల్సిన పని లేదు. ఏ దంపతులకైనా నూటికి రెండు మూడు కాన్పుల్లో పుట్టుకతో లోపం ఉండే అవకాశం ఉంటే, మేనత్త మేనమామ పిల్లల మధ్య పెళ్ళయితే దానికి మరో రెండు మూడు కలుస్తాయి. ఎక్కువ మంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. పెళ్ళికి ముందు అబ్బాయీ అమ్మాయీ హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష చేయించుకుంటే తలసేమియా మోస్తున్నారో లేదో తెలుస్తుంది. ఇద్దరూ మోస్తుంటే గర్భం పదకొండు నుంచి పదమూడు వారాల మధ్య ఉన్నప్పుడు మాయ నుంచి ముక్క తీసి పరీక్షించవచ్చు. బేగంపేటలో ఉస్మానియా జన్యుశాస్త్ర సంస్థలోనూ, పంజాగుట్ట నిమ్స్‌లోనూ జన్యు వైద్యం చూసే విభాగాలున్నాయి. వెళ్ళేముందు మీ ఇంటి పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, పోయిన పిల్లలతో సహా అందరి వివరాలూ అడిగి ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి.